జపాన్‌లో చదువుకోవడానికి వస్తున్నారా? మనవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్నలు

ఏటా మార్చిలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి నా ఫోన్‌కి మెసేజ్‌ల వరద మొదలవుతుంది. "అక్కా, కుక్కర్ తెచ్చుకోనా?" "అక్కా, వెజిటేరియన్ అయితే బతకగలమా?" "అమ్మా, మా వాడు ఫోన్ ఎత్తడం లేదు, అక్కడ భూకంపం వచ్చిందటగా?" ఇక్కడ చదువులు ఏప్రిల్‌లో, అక్టోబరులో మొదలవుతాయి కాబట్టి ఆ ముందు నెలల్లో ప్రయాణాల హడావిడి. నాది గుంటూరు. త్సుకుబాలో మాస్టర్స్ చేశాను. టోక్యోలోని అకిహబరా నుంచి త్సుకుబా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే 45 నిమిషాల దారి. విడివిడిగా చెప్తూ వచ్చినవన్నీ ఇక్కడ ఒకచోట రాసి పెడుతున్నాను. ఈ దేశంలో నేను పడ్డ ఇబ్బందుల్లో మూడొంతులు, ఎవరికో ఒకరికి ఒక మాట ముందే చెప్పి ఉంటే వచ్చేవే కావు. కింది జవాబుల్లో ఈ సంగతి మళ్ళీ మళ్ళీ వస్తుంది.

సీఓఈ వచ్చింది. ఇక వీసా వచ్చేసినట్టేనా?

దాదాపుగా అంతే. సీఓఈ అంటే మీరు చదువుకోవడానికి తగినవాళ్ళే అని జపాన్ ఇమ్మిగ్రేషన్ శాఖ ఇచ్చే పత్రం. దాన్ని మీ తరఫున యూనివర్సిటీయే అప్లై చేసి తెప్పిస్తుంది. అది చేతికొచ్చాకే వీసాకి వెళ్ళాలి. పత్రం జారీ అయిన తేదీ నుంచి 3 నెలల్లోపు జపాన్‌లో అడుగు పెట్టాలి. అందుకే "ముహూర్తం చూసుకుని నిదానంగా బయల్దేరతాం" అంటే కుదరదు.

సూట్‌కేసులో ఏం పెట్టుకోవాలి? ఏం పెట్టకూడదు?

పెట్టకూడనివి ముందు. కోడి పచ్చడి, మటన్ పచ్చడి వద్దు. మాంసంతో చేసినవి ఏవైనా సరే, ఇంట్లో చేసినా కొట్లో కొన్నా, సర్టిఫికెట్ లేకుండా రానివ్వరు. సామాన్ల బెల్టు దగ్గర వాసన పట్టే కుక్కలు తిరుగుతుంటాయి. పచ్చి కరివేపాకు, మునక్కాయలు, మామిడికాయలు కూడా ఇంట్లోనే వదిలేయండి. పచ్చి ఆకులకీ కాయలకీ మొక్కల క్వారంటైన్ వాళ్ళ సర్టిఫికెట్ ఉండాలి. ఆవకాయ, గోంగూర లాంటి నిల్వ పచ్చళ్ళతో నాకు ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. కారం, పసుపు, ఇంగువ, కందిపొడి, కరివేపాకు కారం నిశ్చింతగా తెచ్చుకోండి.

మందుల విషయంలో చాలా జాగ్రత్త. డాక్టరు రాసిచ్చిన మందులు ఒక నెలకి సరిపడానే తేవచ్చు. అంతకు మించితే ముందుగా అనుమతి పత్రం తీసుకోవాలి, దాని పేరు యున్యు కకునిన్‌షో. ఇంట్లో అందరం మామూలుగా వాడేసే కొన్ని జలుబు, దగ్గు మందుల్లో సూడోఎఫెడ్రిన్, కోడీన్ ఉంటాయి. వాటి మోతాదుని బట్టి ఇక్కడ చట్టమే వేరు. మాత్రల అట్ట వెనక పేర్లు చదివి, అనుమానం ఉన్నది పక్కన పెట్టేయండి. థైరాయిడ్‌కో, ఆస్తమాకో రోజూ మందు వాడేవాళ్ళు డాక్టరు చీటీ ఇంగ్లీషులో రాయించుకుని తెచ్చుకోవాలి.

బట్టలు తగ్గించండి. యూనిక్లో అనే బట్టల కొట్టు చాలా ఊళ్ళలో ఉంది. ఇక్కడి చలికి సరిపోయే కోటు హైదరాబాదులో వెతకడం డబ్బు దండగ.

మిక్సీ, కుక్కర్ పనిచేస్తాయా?

అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చే ప్రశ్న ఇదే. కాస్త వివరంగా చెప్తాను.

జపాన్‌లో కరెంటు 100 వోల్టులు, మనకి 230. ఇంటి మిక్సీని ఇక్కడ ప్లగ్గులో పెడితే నీరసంగా తిరుగుతుంది తప్ప పప్పు నలగదు. వోల్టేజి పెంచే ట్రాన్స్‌ఫార్మర్ కొనవచ్చు గానీ, మిక్సీకి సరిపోయేది బరువూ ఎక్కువే, ధరా ఎక్కువే. చట్నీ లేనిదే ముద్ద దిగనివాళ్ళు అమెరికా వెళ్ళేవాళ్ళకోసం అమ్మే 110 వోల్టుల మిక్సీ కొనుక్కుని తెచ్చుకుంటే సరిపోతుంది. ఫోన్, ల్యాప్‌టాప్ చార్జర్లు 100 నుంచి 240 దాకా తట్టుకుంటాయి, వాటికి భయం లేదు. ఇక్కడి ప్లగ్గుకి రెండు చదును పిన్నులే ఉంటాయి కాబట్టి రెండు అడాప్టర్లు చాలు.

కుక్కర్ కథ వేరు. నేను అమ్మ ఇచ్చిన మూడు లీటర్ల అల్యూమినియం కుక్కర్ మోసుకొచ్చాను. హాస్టల్ వంటగదిలో ఉన్నది ఐహెచ్ పొయ్యి, అంటే మన ఇండక్షన్ స్టవ్. కుక్కర్ పెట్టి స్విచ్ వేస్తే ఎర్రలైటు రెండుసార్లు మిణుకుమని ఆరిపోయింది. పొయ్యి పాడైందేమోనని పక్కదాని మీద పెట్టాను, అదీ అంతే. అటుగా వచ్చిన వియత్నాం అమ్మాయి ఫ్రిజ్ మీదున్న అయస్కాంతం తీసి కుక్కర్ అడుక్కి ఆనించి వదిలేసింది. అది జారి కింద పడింది. "అంటుకుంటేనే పనిచేస్తుంది" అంది. మామూలు ఐహెచ్ పొయ్యి అల్యూమినియాన్ని వేడెక్కించదు. కొట్లో కొనే ముందు మీరూ ఆ అయస్కాంతం పరీక్ష చేయండి. అడుగు ఐహెచ్‌కి పనికొచ్చే స్టీలు కుక్కర్ తెచ్చుకుంటే గ్యాస్ మీదా పనికొస్తుంది, ఐహెచ్ మీదా పనికొస్తుంది.

గ్యాస్ పొయ్యి ఉన్న గది దొరికితే ఇంకో సంగతి. చాలా గదుల్లో పొయ్యి ఉండదు, మనమే కొనుక్కోవాలి. ఇక్కడ గ్యాస్ రెండు రకాలు, పైపులో వచ్చే సిటీ గ్యాస్ ఒకటి, సిలిండర్ల ప్రొపేన్ ఒకటి. ఒకదాని పొయ్యి ఇంకోదానికి పెట్టకూడదు. సెకండ్‌హ్యాండ్ పొయ్యి కొనే ముందు మీ గది గ్యాస్ ఏదో ఇంటివాళ్ళని అడగండి.

గోడలు పల్చన. రాత్రి పది దాటాక కుక్కర్ విజిల్ వేయించకండి. పక్కగదివాళ్ళకి అది ఏ అలారమో అర్థం కాదు.

విమానం దిగగానే ఏమేం చేయాలి?

నరిత, హనెద, కన్సాయ్ లాంటి పెద్ద విమానాశ్రయాల్లో ఇమ్మిగ్రేషన్ దగ్గరే జైర్యూ కార్డు, అంటే నివాస గుర్తింపు కార్డు చేతికిస్తారు. ఇక్కడ మన ఉనికి అంతా ఆ కార్డే. బయటికెళ్తే జేబులో ఉండాల్సిందే, లేకపోతే 2 లక్షల యెన్‌ల దాకా జరిమానా వేసే చట్టం ఉంది. పార్ట్‌టైమ్ పని అనుమతికి కూడా ఆ కౌంటర్ దగ్గరే అప్లై చేయవచ్చు. ఫారం ముందే నింపి పాస్‌పోర్టులో పెట్టుకుని వెళ్ళండి. మర్చిపోతే తర్వాత ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకి పోయి అరపూట వరసలో నిలబడాలి.

ఆ తర్వాత?

ఉండే చోటు ఖాయమైన 14 రోజుల్లోగా మీ ఊరి మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళి చిరునామా నమోదు చేయించుకోవాలి. టోక్యో, క్యోటో లాంటి పెద్ద నగరాల్లో అయితే కుయాకుషో, మిగతా నగరాల్లో షియాకుషో అంటారు. మై నంబర్ (మన ఆధార్ లాంటిది), ఆరోగ్య బీమా, పెన్షన్ అన్నీ ఆ చిరునామా మీదే నడుస్తాయి. ఈ పనికి ఒక పగలంతా పోతుందనుకోండి. యూనివర్సిటీ వాళ్ళు తోడుగా ట్యూటర్‌ని ఇస్తే మొహమాటపడకుండా వెంట తీసుకెళ్ళండి.

మన తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా ఒక చిక్కు ఉంది. మన పేర్లు పొడుగు. ఇంటిపేరు, వెంకట, నాగ, సత్య అన్నీ కలిపి పాస్‌పోర్టులో ఎలా ఉంటే కార్డు మీదా అలాగే వస్తాయి. బ్యాంకు ఖాతాలో మాత్రం ఆ పేరుని కతకనలో, అంటే విదేశీ పేర్లు రాసే జపనీస్ లిపిలో రాయాలి. లక్ష్మి అనే పేరు చివర దీర్ఘానికి కతకనలో ఒక్క అడ్డగీత పెడతారు. నేను బ్యాంకులో ఆ గీత పెట్టి, యూనివర్సిటీ ఫారంలో పెట్టకుండా వదిలేశాను. పేరు కలవలేదని మొదటి నెల స్కాలర్‌షిప్ వెనక్కి పోయింది. మళ్ళీ పడేసరికి ఇరవై రోజులు పట్టింది. అందుకని మొదటిరోజే పేరుని కతకనలో ఒక కాగితం మీద రాసుకుని, ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోండి. ఎక్కడ రాయాల్సి వచ్చినా అదే చూసి రాయండి.

వచ్చి ఆరు నెలలు దాటనివాళ్ళకి చాలా బ్యాంకులు ఖాతా ఇవ్వడానికి వెనకాడతాయి. విద్యార్థులు ఎక్కువగా పోస్టాఫీసు బ్యాంకు యూచోలో మొదలుపెడతారు.

బీమా, పెన్షన్ కట్టాల్సిందేనా? చదువుకునేవాళ్ళకి పెన్షన్ ఏంటి?

మూడు నెలలకి మించి ఉండే విద్యార్థి జాతీయ ఆరోగ్య బీమాలో చేరాల్సిందే. చేరితే వైద్యం ఖర్చులో 30 శాతమే మనం కట్టాలి. ఆదాయం లేనివాళ్ళకి ప్రీమియం బాగా తగ్గుతుంది, నాకు నెలకి రెండు వేల యెన్‌ల లోపే పడేది. కానీ "నాకు ఆదాయం లేదు" అని ఏటా మనమే వెళ్ళి చెప్పాలి. చెప్పకపోతే వాళ్ళకి తెలియదు, తగ్గించరు.

పెన్షన్ అయితే 20 ఏళ్ళు నిండిన ప్రతివాళ్ళకీ వర్తిస్తుంది. 2025లో నెలకి 17,510 యెన్‌లు. ఇది చూసి గుండె ఆగినంత పనవుతుంది. విద్యార్థులకి వాయిదా వేసే వెసులుబాటు ఉంది, పేరు గకుసెయ్ నోఫు తొకురెయ్. ఆఫీసులో ఆ మూడు మాటలు చెప్తే ఫారం ఇస్తారు. అది కూడా ఏటా అడగాలి.

నెలకి ఎంతవుతుంది?

ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజు మామూలుగా ఏడాదికి 5,35,800 యెన్‌లు, చేరేటప్పుడు ఒకసారి 2,82,000. కొన్ని ఈ మధ్య పెంచాయి. 2025లో టోక్యో యూనివర్సిటీ 6,42,960 చేసింది. ఫీజు మాఫీకి అప్లికేషన్ ఉంటుంది, గడువు దాటితే ఎవరూ వినరు. జపాన్ ప్రభుత్వం ఇచ్చే మెక్స్ట్ స్కాలర్‌షిప్ వచ్చినవాళ్ళకి ఫీజు ఉండదు, మాస్టర్స్‌కి నెలకి 1,44,000 యెన్‌లు ఇస్తారు. నెలనెలా వెళ్ళి సంతకం పెట్టాలి. ఆ నెల ఊళ్ళో లేకపోతే డబ్బు రాదు.

గది అద్దె ఊరిని బట్టి మారుతుంది. త్సుకుబాలో నా గది 34 వేలు. అదే కొలతల గదికి టోక్యో నడిబొడ్డున నా స్నేహితురాలు రెట్టింపు ఇచ్చేది. బియ్యం ధర 2024 వేసవి నుంచి మండిపోయింది. అంతకుముందు 5 కిలోలు రెండు వేల చిల్లరకి వచ్చేవి, 2025లో నాలుగు వేలు దాటాయి. రాత్రి ఎనిమిది ప్రాంతంలో సూపర్‌మార్కెట్‌కి వెళ్ళండి. చేతిలో స్టిక్కర్ల చుట్టతో ఒకాయన వచ్చి మిగిలిన కూరగాయల మీదా డబ్బాల మీదా హన్‌గాకు, అంటే సగం ధర అని అంటిస్తూ పోతాడు. విద్యార్థులందరం ఆయన వెనకే నడిచేవాళ్ళం.

గది తీసుకునేటప్పుడు ఏం చూడాలి?

మొదటి ఏడాది యూనివర్సిటీ హాస్టల్ దొరికితే కళ్ళుమూసుకుని తీసుకోండి. బయట గది అంటే మొదటి నెల అద్దెతో పాటు షికికిన్ అనే అడ్వాన్సు, రెయ్‌కిన్ అనే తిరిగిరాని కానుక, ఏజెంటు ఫీజు, హామీ కంపెనీకి ఇచ్చేది, అన్నీ కలిపి నాలుగైదు నెలల అద్దె ఒకేసారి కట్టాల్సి రావచ్చు. రెయ్‌కిన్ లేని గదులు కూడా ఉంటాయి, అడిగితే చూపిస్తారు. గదిలోకి వెళ్ళేసరికి లైట్లు, కర్టెన్లు కూడా ఉండకపోవచ్చు. కరెంటు, నీళ్ళు ఫోన్ మీద పెట్టించుకోవచ్చు. గ్యాస్ మాత్రం మనిషి వచ్చి తెరవాలి, మనం ఇంట్లో ఉండాలి. ముందే అపాయింట్‌మెంట్ తీసుకోకపోతే మొదటి రాత్రి చన్నీళ్ళ స్నానమే.

చెత్త గురించి అందరూ ఎందుకంత భయపెడతారు?

భయపడాల్సింది లేదు గానీ నేర్చుకోవాల్సింది ఉంది. ఏ వారం ఏ చెత్త అన్నది ఊరూరికీ మారుతుంది. క్యోటోలో మండే చెత్తకి పసుపు సంచి కొనాలి. ఫుకుఓకాలో చెత్తబండి రాత్రిపూట వస్తుంది. చాలా ఊళ్ళలో మాత్రం పొద్దున్నే ఎనిమిదింటికల్లా పెట్టాలి, ముందురోజు రాత్రి పెట్టకూడదు. చిరునామా నమోదు చేయించుకున్నప్పుడు ఇచ్చే క్యాలెండర్‌ని ఫ్రిజ్‌కి అంటించండి.

రెండో వారంలో నా సంచి ఒక్కటే ఎరుపు స్టిక్కర్‌తో అక్కడే మిగిలిపోయింది. ఎదురింటి తాతగారు మొక్కలకి నీళ్ళు పోస్తున్నారు. గోముగా నవ్వి, గొట్టం కట్టేసి వచ్చారు. నా సంచి విప్పి ఒక నీళ్ళ సీసా తీశారు. మూత తిప్పి ఒక పక్కన పెట్టారు. చుట్టూ ఉన్న ప్లాస్టిక్ చీటీని చుక్కల గీత దగ్గర పట్టుకుని ఒక్క లాగుతో ఊడదీశారు. మూతా చీటీ ప్లాస్టిక్‌లోకి, సీసా కడిగి, నలిపి, పెట్ సీసాల బుట్టలోకి. ఆయన ఒకటి చేశారు, మిగతా ఆరూ నాతో చేయించారు. ఆయన మాట్లాడింది నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, పని మాత్రం ఈరోజుకీ మర్చిపోలేదు.

గారెలు, పూరీలు వేయించిన నూనె సింకులో పొయ్యకండి. వేడి నూనెలో కలిపితే గట్టిపడిపోయే పొడి సూపర్‌మార్కెట్లో దొరుకుతుంది. ఆ ముద్ద తీసి మండే చెత్తలో వేయవచ్చు. పరుపు, కుర్చీ లాంటివి సోదాయ్ గోమి. ముందే బుక్ చేసి, డబ్బు కట్టి స్టిక్కర్ అంటించాలి.

నేను పూర్తి శాకాహారిని. తినడానికి ఏముంటుంది?

వండుకుంటే లోటే లేదు. బయట తినాలంటే కష్టమే, ఉన్నమాట చెప్పాలి. సూప్, సాస్, ఆఖరికి ఉడికించిన కూరల్లో కూడా దాషి అనే చేపల చారు ఉంటుంది. చేపని వీళ్ళు మాంసం కింద లెక్కపెట్టరు. "మాంసం తినను" అంటే చేప ముక్క వేసిచ్చేస్తారు. అందుకని "నికు మో సకాన మో తబెరరెమసెన్" అనండి, అంటే మాంసమూ చేపా రెండూ తినలేనని. తర్వాత "దాషి మో" అని కలపండి. బ్రెడ్లలో, బిస్కట్లలో జంతువుల కొవ్వు ఉండవచ్చు. అట్ట మీది అక్షరాలని ఫోన్ కెమెరాతో చదివించుకోండి.

సోనా మసూరి, కందిపప్పు, చింతపండు, మినపగుళ్ళు టోక్యోలోని షిన్ ఒకుబో వీధుల్లోనూ, మనవాళ్ళు ఎక్కువగా ఉండే నిషి కసాయ్‌లోనూ దొరుకుతాయి, ఆన్‌లైన్లో తెప్పించుకోవచ్చు కూడా. బెండకాయ మామూలు కొట్లోనే ఉంటుంది, పేరు ఒకురా. వేసవిలో కాకరకాయ గోయా పేరుతో వస్తుంది. ముల్లంగికి కరువే లేదు. పనీర్ బదులు అత్సుఆగె అనే వేయించిన తోఫు ముక్కలు పప్పుచారులో వేసి చూడండి, పులుసు బాగా పీల్చుకుంటుంది. మరీ మనసు లాగితే టోక్యోలోని ఒకాచిమాచిలో ఆంధ్ర కిచెన్ అనే హోటల్ ఉంది.

జపనీస్ రాకపోతే నెట్టుకురాలేమా? ఎంత కష్టం ఆ భాష?

క్లాసులు ఇంగ్లీషులో ఉండవచ్చు, ల్యాబ్‌లో ఇంగ్లీషుతో గడుస్తుంది కూడా. కానీ బ్యాంకు, డాక్టరు, ఇంటివాళ్ళు, పక్కింటి తాతగారు జపనీస్‌లోనే మాట్లాడతారు. లిపి కష్టం, అబద్ధం చెప్పను. చైనా నుంచి వచ్చిన కంజి అక్షరాలకి ఏళ్ళు పడతాయి. మాట మాత్రం తెలుగువాళ్ళకి ఇట్టే అబ్బుతుంది.

వాక్యం కట్టడం మనలాగే. "వతషి వ గొహన్ ఒ తబెమసు" అంటే వరసగా "నేను అన్నం తింటాను". క్రియ చివరే వస్తుంది, విభక్తి పదం వెనకే వస్తుంది. "తబెతె మిరు" అంటే అక్షరాలా "తిని చూస్తాను". ఇంగ్లీషువాళ్ళకి ఇది ఒక పాఠం పెట్టి నేర్పాలి, మనకి వినగానే తెలిసిపోతుంది. ఎవరో ఏదో అన్నారని చెప్పేటప్పుడు మనం "అని" పెట్టినచోట వాళ్ళు "తొ" పెడతారు. ఇంట్లోంచి బయటికెళ్తూ "ఇత్తెకిమసు" అంటారు. వెళ్తున్నాను అనరు, "వెళ్ళొస్తాను" అంటారు. మొదటిసారి ఈ మాట అర్థం విడదీసి చూసినప్పుడు మా అమ్మమ్మ గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. "వెళ్తాను" అన్నామంటే ఊరుకునేది కాదు ఆవిడ.

హ్రస్వ దీర్ఘాలు, ద్విత్వాలు కూడా మనకి కలిసొచ్చేవే. "ఒబసన్" అంటే అత్తో పిన్నో, "ఒబాసన్" అంటే అమ్మమ్మ. "కితె" అంటే రా, "కిత్తె" అంటే పోస్టు స్టాంపు. ఇతర దేశాలవాళ్ళు తడబడేది ఇక్కడే. తెలుగు అక్షరాల్లో రాసుకుని నేర్చుకోండి, ఇంగ్లీషు అక్షరాల్లో వద్దు.

జపనీస్ భాష ఎంత వచ్చో చూసే జేఎల్‌పీటీ పరీక్ష అన్నిటికంటే తేలికైన ఎన్5 నుంచి కష్టమైన ఎన్1 దాకా ఉంటుంది. ఇక్కడ జులైలో, డిసెంబరులో పెడతారు. రాకముందే ఎన్5 చదివి వస్తే మొదటి మూడు నెలలు తేలికవుతాయి. ఉద్యోగం ఇక్కడే అనుకుంటే ఎన్2 మీద దృష్టి పెట్టండి.

ల్యాబ్‌లో ఎలా ఉండాలి?

నేను నేర్చుకోవడానికి ఎక్కువ కాలం పట్టినది ఇదే. మొదటి సెమిస్టర్లో ఒక ఉదయం సెమినార్‌కి ఇరవై నిమిషాలు ఆలస్యంగా వెళ్ళాను. సైకిల్ పంక్చర్ అయింది. వెళ్ళి కారణం చెప్పాను. సెన్సేయ్, అంటే మా ప్రొఫెసర్, కోప్పడలేదు, తలూపి ఊరుకున్నారు. సాయంత్రం సీనియర్, ఇక్కడి మాటలో సెంపయ్, నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. "ఆలస్యం అయినందుకు కాదు. నువ్వు వస్తావని మేం ఆరుగురం ఎదురుచూస్తూ కూర్చున్నాం. పంక్చర్ అయిన నిమిషంలో ఒక్క మెసేజ్ పెడితే మేం మొదలుపెట్టేవాళ్ళం." మన దగ్గర వెళ్ళాక కారణం చెప్తాం. ఇక్కడ కారణం కంటే ముందు కబురు రావాలి. రైలు ఆలస్యమైతే స్టేషన్లో ఆలస్యపు చీటీ ఇస్తారు. ఆ చీటీ ఉన్నా మెసేజ్ పెట్టాల్సిందే.

దీనికి వీళ్ళ దగ్గర ఒక మాట ఉంది, హోరెన్సో. హోకొకు అంటే జరిగింది చెప్పడం, రెన్‌రకు అంటే కబురు అందించడం, సోదన్ అంటే సలహా అడగడం. మూడిటి మొదటి ముక్కలు కలిపారు. పాలకూరని కూడా హోరెన్సో అంటారు కాబట్టి సులువుగా గుర్తుంటుంది. ప్రయోగం పాడైతే ఆ రోజే చెప్పండి. నెల తర్వాత బాగుచేసి చూపిద్దామని దాచుకుంటే నమ్మకం పోతుంది. అర్థం కాకపోయినా "హై, హై" అనకండి. నేను అలా తలూపి రెండు వారాల పని తప్పుగా చేశాను.

పార్ట్‌టైమ్ పని చేసి ఇంటికి డబ్బు పంపవచ్చా?

సొంత ఖర్చు కొంత గడుస్తుంది, ఇంటికి పంపే లెక్క వేసుకోకండి. అనుమతి ఉంటే వారానికి 28 గంటలు, యూనివర్సిటీ పెద్ద సెలవుల్లో రోజుకి 8 గంటలు. టోక్యోలో కనీస వేతనం 2025 అక్టోబరు నుంచి గంటకి 1,226 యెన్‌లు, మిగతా చోట్ల తక్కువ. రెండు చోట్ల చేసినా 28 గంటలు కలిపే లెక్క. ఎవరికి తెలుస్తుందిలే అనుకోవద్దు. పన్ను కాగితాల్లో జీతం అంతా కనిపిస్తుంది, వీసా పొడిగింపు దగ్గర ఆగిపోతుంది. బార్లు, పచింకో అనే జూదపు ఆటల హాళ్ళలో పనికి అనుమతి అసలు లేదు, అక్కడ గిన్నెలు కడిగినా తప్పే. అప్పు చేసి వచ్చి పార్ట్‌టైమ్‌తో తీర్చేద్దాం అని ఏజెంటు ఎవరైనా చెప్తే నమ్మకండి. ఇది ఎంత గట్టిగా చెప్పినా తక్కువే.

సైకిల్ కొనుక్కోవాలా?

త్సుకుబా లాంటి ఊళ్ళో అది లేకపోతే కాలు విరిగినట్టే. కొన్నప్పుడు బోహన్ తోరొకు చేయించాలి, అంటే దొంగతనం జరిగితే పట్టుకోవడానికి రిజిస్ట్రేషన్. వెళ్ళిపోయే సీనియర్ దగ్గర తీసుకుంటే పేరు మార్పించుకోండి. లేకపోతే పోలీసు ఆపి నంబరు చూసినప్పుడు అది వేరేవాళ్ళ సైకిల్ అవుతుంది. మనలాగే ఎడమవైపు నడపాలి. ఫోన్ చూస్తూ నడిపితే 2024 నవంబరు నుంచి శిక్షలు పెంచారు. 2026 ఏప్రిల్ నుంచి సైకిల్‌కి కూడా అక్కడికక్కడే జరిమానా చీటీ రాస్తారు, ఫోన్‌కి 12,000 యెన్‌లు.

ఒంట్లో బాగాలేకపోతే?

జ్వరానికి నేరుగా పెద్దాసుపత్రికి పోకండి. రెఫరల్ ఉత్తరం లేకుండా వెళ్తే అదనంగా 7,000 యెన్‌లు, ఆపైన కట్టించుకుంటారు. వీధిలో ఉండే చిన్న క్లినిక్‌కి వెళ్ళండి. జ్వరం, కడుపునొప్పికి నైకా, చెవి ముక్కు గొంతుకి జిబికా, చర్మానికి హిఫుకా. అంబులెన్సుకి 119, డబ్బు తీసుకోరు. పోలీసుకి 110. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సుగి లాంటి చెట్ల పుప్పొడితో ముక్కు కారుతూ కళ్ళు దురద పెడితే కంగారుపడకండి, ఊరంతా అలాగే ఉంటుంది.

భూకంపం వస్తే ఏం చేయాలి?

నా మొదటిది రాత్రి రెండింటికి. ముందు ఫోన్ వింతగా అరిచింది, ఎప్పుడూ వినని మోత. "జిషిన్ దెసు" అంటూ గొంతు. రెండు సెకన్ల తర్వాత అల్మరాలో స్టీలు గ్లాసులు టకటకమన్నాయి. తలుపు వైపు పరిగెత్తబోయాను. మొదటివారం నేర్పింది గుర్తొచ్చి బల్ల కిందికి దూరాను. అరనిమిషంలో ఆగింది. బయట ఒక్క మనిషి గొంతు కూడా వినిపించలేదు, ఎవరూ వీధిలోకి రాలేదు.

బయటికి పరిగెత్తకండి, పైనుంచి పడేవి అక్కడే ఎక్కువ. ఊపు ఆగాక పొయ్యి కట్టేసి, తలుపు తెరిచి పెట్టండి. ఊపు గట్టిగా ఉంటే గ్యాస్ మీటరు దానంతటదే ఆగిపోతుంది, మీటరు మీది బటన్ నొక్కి మళ్ళీ తెరవాలి. మీ పేటకి హినాన్‌జో, అంటే ఆపదలో తలదాచుకునే చోటు, ఏ బడిలో ఉందో ముందే నడిచి చూసి రండి. నీళ్ళు, టార్చి, పాస్‌పోర్టు కాపీ, ఒక జత బూట్లు మంచం పక్కనే ఉండాలి. ఇంటికి ఒక్క మెసేజ్ వెంటనే పెట్టండి. అక్కడ టీవీలో జపాన్ పటం ఎర్రగా చూపిస్తుంటే అమ్మానాన్నలకి మీరున్న ఊరు అందులో ఎక్కడో తెలియదు.

ఒంటరిగా అనిపిస్తుందా?

అనిపిస్తుంది. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. గది చల్లగా ఉంటుంది, సంక్రాంతికి సెలవుండదు. నాకు మొదటి చలికాలం వారాల తరబడి అన్నం వండుకోబుద్ధి కాలేదు. అది బద్ధకం కాదని హెల్త్ సెంటర్ కౌన్సెలర్ చెప్పాకే తెలిసింది. యూనివర్సిటీల్లో ఆ సేవకి డబ్బు కట్టనక్కర్లేదు, చాలాచోట్ల ఇంగ్లీషులో మాట్లాడేవాళ్ళుంటారు. ఒక్కసారి వెళ్ళండి, ఆలస్యం చేయకండి.

ఊరి కమ్యూనిటీ సెంటర్లలో పెద్దవాళ్ళు వారానికోసారి జపనీస్ నేర్పుతారు. నాకు ఇక్కడ చుట్టాలంటూ అయింది ఆ క్లాసులోనే. ఆర్ఆర్ఆర్ 2022 అక్టోబరులో ఇక్కడ విడుదలయ్యాక నన్ను "తెరుగు" పిల్ల అని పిలవడం మొదలుపెట్టారు. డెబ్బై ఏళ్ళ ఆవిడ ఒకరు నా దగ్గర నాటు నాటు అర్థం రాయించుకున్నారు. టోక్యోలో ఉగాదికి, బతుకమ్మకి మనవాళ్ళు కలుస్తారు, ఒక్కసారైనా వెళ్ళి కలవండి.

సెలవులకి ఇంటికెళ్ళి రావచ్చా?

ఏడాదిలోపు తిరిగొస్తే విడిగా వీసా అక్కర్లేదు. వెళ్ళేటప్పుడు విమానాశ్రయంలో నింపే చీటీలో తిరిగొస్తున్నానన్న గడిలో టిక్ పెట్టడం మాత్రం మరవకండి. సెన్సేయ్‌కి టికెట్ కొనే ముందు చెప్పండి, కొన్నాక కాదు.

చదువయ్యాక ఇక్కడే ఉద్యోగం దొరుకుతుందా?

దొరుకుతుంది, కానీ మొదలుపెట్టాల్సింది చాలా ముందు. రెండేళ్ళ మాస్టర్స్ అయితే మొదటి వేసవిలోనే ఇంటర్న్‌షిప్‌లు, ఆ తర్వాతి మార్చికల్లా అప్లికేషన్లు. చదువు పూర్తయ్యాకా ఉద్యోగం రాకపోతే వెతుక్కోవడానికి ఆరు నెలల వీసా ఇస్తారు, ఇంకో ఆరు నెలలు పొడిగించవచ్చు. దానికి యూనివర్సిటీ సిఫారసు ఉత్తరం కావాలి, అది డిగ్రీ చేతికి రాకముందే అడిగి పెట్టుకోండి.

మా అమ్మాయి రాత్రి పదింటికి ల్యాబ్ నుంచి ఒక్కతే వస్తానంటోంది. ఫర్వాలేదా అమ్మా? (ఒక అమ్మగారి ప్రశ్న)

నేను రెండేళ్ళూ అలాగే వచ్చానండి. దారిలో కాన్బినీ అనే కొట్లు రాత్రంతా తెరిచే ఉంటాయి, కూడళ్ళలో కోబన్ అనే చిన్న పోలీసు గది ఉంటుంది. అయినా వెలుతురున్న దారినే రమ్మనండి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దని చెప్పండి. ఎవరైనా వెంట వస్తున్నట్టు అనిపిస్తే కాన్బినీలోకి వెళ్ళి నిలబడమనండి, వాళ్ళు పోలీసుకి ఫోన్ చేస్తారు.

ఇంకొకటి, మీరు పనులన్నీ అయ్యాక రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేస్తే ఇక్కడ పన్నెండున్నర. తను నిద్రపోతూ ఎత్తదు, మీకు కంగారు. మనకంటే ఇక్కడ మూడున్నర గంటలు ముందు. మీకు రాత్రి ఏడు అయ్యేసరికి తనకి పదిన్నర, ల్యాబ్ నుంచి వచ్చేసి ఉంటుంది. ఆ టైముకి చేయండి, ఫోన్ ఎదురుగా పెట్టుకుని అన్నం తింటూ మాట్లాడుతుంది.